టీఎంఎస్ అంటే కరెంట్ షాకేనా? ఆటిజం యువతలో డిప్రెషన్ వెనుక కథ

ఆటిజం ఉన్న ఇరవై ఏళ్ల అబ్బాయికి డిప్రెషన్ మందులతో తగ్గడం లేదు, టీఎంఎస్ (అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించే చికిత్స) చేయించి చూద్దాం అని డాక్టర్ అనగానే హైదరాబాద్‌లో ఇంట్లోవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి, ఆ వెంటనే కరెంట్ షాక్. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని మొదలుపెట్టిన షాక్ చికిత్సను చాలా ఏళ్లు మత్తు ఇవ్వకుండానే చేశారు. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా చేయడాన్ని మన దేశంలో నిషేధించింది 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం.

టీఎంఎస్ పుట్టుక వేరు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం తలకు ఆనించిన తీగచుట్ట (కాయిల్)తో అయస్కాంత తరంగం పంపితే చెయ్యి అదిరింది. ఇందులో మత్తు అక్కర్లేదు, షాక్ చికిత్సలా కావాలని ఫిట్స్ తెప్పించరు. ఇవాళ్టికీ మోతాదు అలాగే చూస్తారు. బొటనవేలు ఎంత శక్తికి అదురుతుందో పట్టుకుని, తర్వాత కాయిల్‌ను తల ముందు భాగంలో ఎడమ పక్కకు జరుపుతారు. పెద్దవాళ్ల డిప్రెషన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2008లో. పదేళ్ల తర్వాత కెనడా పరిశోధకులు 37 నిమిషాలకు పైగా సాగే సెషన్‌కు బదులు 3 నిమిషాల పద్ధతి కూడా దాదాపు అంతే పనిచేస్తుందని చూపారు. అంతసేపు కదలకుండా కూర్చోవడం కష్టమైనవాళ్లకు ఇది చాలా పెద్ద మార్పు.

మరి ఆటిజం ఉన్నవాళ్ల డిప్రెషన్‌ను ఇన్నాళ్లూ ఎవరు పట్టించుకున్నారు? 1943లో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసింది మొదలు చాలాకాలం ఆటిజం అంటే చిన్నపిల్లల సంగతే. థెరపీలు, బడి చుట్టూనే మన ఆలోచనంతా తిరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యారు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో స్టేషన్లన్నీ వరసగా అప్పజెప్పే కుర్రాడు ఒక్కసారిగా ఆ ఊసే ఎత్తడం మానేసి, తిండి, నిద్ర తగ్గి గదిలోనే ఉండిపోతే, "ఆటిజం కదా, అంతేలే" అని వదిలేయడం అన్యాయం. 2014లో బ్రిటన్‌లో ఆస్పర్గర్స్ (ఆటిజంలో ఒక రకం) ఉన్న 374 మంది పెద్దవాళ్లను అడిగితే 66 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. ఆ అంకె చదివాక కూడా అంతేలే అనగలమా?

ఈ రెండు కథలూ కలిసింది ఈమధ్యే. ఆటిజం ఉన్నవాళ్ల డిప్రెషన్‌కు టీఎంఎస్ ఇచ్చి చూసినవి చిన్న అధ్యయనాలు. ఫలితాలు ఆశ కలిగించాయి కానీ, కొన్నింటిలో నకిలీ చికిత్సతో (చేసినట్టే అనిపించినా అసలు తరంగం పంపనిది) పోల్చి చూడలేదు. 2024లో అమెరికాలో 15–21 ఏళ్లవాళ్లకూ ఒక పరికరాన్ని అనుమతించారు, అదీ డిప్రెషన్‌కే. కాబట్టి ఆటిజం తగ్గిస్తామంటూ ఎవరైనా టీఎంఎస్ ప్యాకేజీ చెబితే నమ్మకండి.

టీఎంఎస్‌తో అరుదుగా ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఫిట్స్ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్లలో అవి ఎక్కువ. మెషీన్ టకటకమని గట్టిగా మోగుతుంది, తల మీద కొట్టినట్టు తగులుతుంది. శబ్దం పడనివాళ్లకు ఇయర్‌ప్లగ్స్ పెట్టి, ముందు ఒకరోజు ఊరికే చూపించమని అడగండి. ఆ తర్వాత చేయించుకుంటాడో లేదో ఆ అబ్బాయినే అడగాలి. పద్దెనిమిది దాటినవాడి తరఫున అమ్మానాన్నలు తలూపితే సరిపోదు.