ఆదికాండమూ బత్తాయి పండూ

బిడ్డలారా,

మీ ఉత్తరం అందింది. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో ఉన్నట్టు దేవుడు ఆరు దినాల్లో అన్నీ చేశాడని సండే స్కూల్లో చెప్పారు, జీవులు కోట్ల ఏండ్లుగా మారుతూ వచ్చాయని బడిలో సారు చెప్పాడు, పరీక్షలో ఏది రాయాలి తాతా అని అడిగారు. సారు చెప్పిందే రాయండి. మార్కుల కోసం కాదు, అది నిజం కాబట్టి. నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఆదివారం చర్చి తప్పనివాణ్ణి. రెండూ నాకు ప్రాణమే, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

సృష్టి జరిగి 6,000 ఏండ్లేనని కొందరు చెప్పే లెక్క బైబిల్లో ఒక్కచోట కూడా రాసి లేదు. ఐర్లాండులో జేమ్స్ అషర్ అనే ఆర్చిబిషప్పు బైబిల్లోని వంశావళులు, రాజుల ఏలుబడులు కూడుకుంటూ వెనక్కి పోయి, క్రీ.పూ. 4004 అని తేల్చి 1650లో అచ్చువేశాడు. ఆ కాలానికి అది పెద్ద పాండిత్యమే. కానీ ఆయనకు రాళ్లను చదివే విద్య తెలియదు.

మన నల్లగొండ గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు. ఎట్ల తెలిసిందంటారా? ఆ రాయిలో జిర్కాన్ అనే చిన్న చిన్న స్ఫటికాలుంటాయి. ఏర్పడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. లోపల చిక్కిన యురేనియం మెల్లమెల్లగా సీసంగా మారుతుంది. ఉన్నదాంట్లో సగం మారడానికే 447 కోట్ల ఏండ్లు కావాలి. ఇప్పుడు ఎంత సీసం చేరిందో కొలిస్తే రాయి పుట్టిన కాలం బయటపడుతుంది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త, భూమితోపాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమికి 455 కోట్ల ఏండ్లన్నాడు. ఆ లెక్క దాదాపు అట్లనే నిలబడింది.

దేవుడే రాళ్లను పాతవాటిలా కనబడేటట్టు చేశాడని కొందరంటారు. ఆ మాట వింటే నాకు మనసు కష్టమవుతుంది. బైబిల్లోని తీతు పత్రికలో 'అబద్ధమాడనేరని దేవుడు' అని చదువుకుంటాం కదా. అసలు జరగని చరిత్రను రాయిలో రాసిపెట్టి మనల్ని తప్పుదోవ పట్టించేవాణ్ణి నేనెట్ల ఆరాధించాలి?

ఇక మీ రెండో ప్రశ్న: కోతి నుంచి మనిషి వస్తే కోతులింకా ఎందుకున్నాయి? మీరూ మీ పెద్దనాన్న పిల్లలూ ఒకే తాత మనవలు. మీరు వాళ్లకు పుట్టలేదు, మీరున్నారని వాళ్లు లేకుండా పోలేదు. కోతులకూ మనకూ చుట్టరికం అట్లాంటిదే.

ఆ చుట్టరికానికి సాక్ష్యం మన బత్తాయి తోటలోనే చూపిస్తా. తోట గట్టున మేసే మేక విటమిన్ సి కోసం బత్తాయి తినాల్సిన పని లేదు, దాని కాలేయమే తయారుచేసుకుంటుంది. మనకు ఆ శక్తి లేదు. బత్తాయో, నిమ్మకాయో, ఉసిరికాయో తినకపోతే చిగుళ్ల నుంచి నెత్తురు కారే స్కర్వీ వస్తుంది. విచిత్రమేమంటే, ఆ విటమిన్ తయారీకి కావాల్సిన జన్యువు మన కణాల్లోనూ ఉంది, కానీ చెడిపోయి ఉంది. చింపాంజీలోనూ, మన ఊళ్లల్ల తిరిగే కోతిలోనూ అదే రకంగా చెడిపోయి ఉంది. ఎలుకల చుట్టమైన గినియా పందిలోనూ చెడిపోయింది గానీ, అది వేరే రకంగా. మనకూ కోతికీ ఆ లోపం ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందనుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది.

జీవులు ఇట్ల మారుతూ రావడాన్ని, అంటే పరిణామాన్ని, వివరించిన డార్విన్ పుస్తకం 1859లో వచ్చినప్పటి నుంచీ జగడం నడుస్తూనే ఉంది. 1925లో అమెరికాలోని టెనెసీలో పరిణామం బోధించాడని జాన్ స్కోప్స్ అనే టీచరుకు 100 డాలర్ల జరిమానా వేశారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టే, సర్కారు బడుల్లో పరిణామం చెబితే సృష్టివాదమూ చెప్పాలన్న లూసియానా రాష్ట్ర చట్టాన్ని కొట్టేసింది.

పరిణామం ఒప్పుకుంటే విశ్వాసం పోతుందని మిమ్మల్ని ఎవరైనా భయపెడితే నమ్మకండి. మానవ జన్యు పటం పనికి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ గట్టి విశ్వాసి. 1996లో పోప్ రెండో జాన్ పాల్, పరిణామం ఉట్టి ఊహ కంటే ఎక్కువేనన్నారు. సూర్యుణ్ణి నాలుగో దినాన చేస్తే మొదటి మూడు దినాల పొద్దు, మాపు ఎట్లాంటివన్న చర్చ 1,600 ఏండ్ల కిందే అగస్టీను అనే క్రైస్తవ పండితుడు చేశాడు. ఆదికాండం మనం ఎవరి చేతి పనో చెప్పే స్తుతిగీతమని నా నమ్మకం. దాన్ని ల్యాబ్ రికార్డుగా చదివితే ఆ గ్రంథానికే అన్యాయం చేసినట్టు.

ఈ మాటలు పట్టుకొని నానమ్మతో వాదానికి దిగొద్దు. ఆమె ఆరు దినాలంటే ఆరు దినాలే అంటుంది. ఆకలైనవాళ్లకు అన్నం పెట్టడంలో మాత్రం మన ఇంట్ల ఆమెను మించిన క్రైస్తవులు లేరు.

దసరా సెలవులకు రండి. హైదరాబాద్ బిర్లా మ్యూజియంకు తీసుకుపోతా. పాత ఆదిలాబాద్ జిల్లా నేలలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలగూడు అక్కడ నిలబెట్టి ఉంది. అడగాల్సిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకొని తెచ్చుకోండి.

మీ తాత
నల్లగొండ