బిడ్డ నాది కాదంటే భరణం తప్పుతుందా? అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే న్యాయవాదిగా, విడాకుల తర్వాత మెయింటెనెన్స్ నోటీసు అందుకున్న తండ్రుల నోట ఎక్కువగా వినే మాట ‘ఆ బిడ్డ నా బిడ్డే కాదు’ అన్నది. దాని చుట్టూ అల్లుకున్న అపోహల్లో కొన్నింటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష కోరితే కోర్టు వెంటనే ఆదేశిస్తుంది.

వాస్తవం: బిడ్డ కడుపున పడిన కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశం ఉందా అన్నదే కోర్టు ముందుగా చూస్తుంది. పాత సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 116వ సెక్షన్ చెప్పేది ఒక్కటే: చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ గానీ, వివాహం రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండి 280 రోజుల లోపు కన్న బిడ్డ గానీ ఆ భర్త సంతానమేననడానికి ఆ పుట్టుకే తిరుగులేని రుజువు. అది తప్పని చెప్పదలచిన భర్త, ఆ కాలంలో తామిద్దరూ కలుసుకునే అవకాశమే లేదని నిరూపించాలి.

ఓడ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న మన ఊళ్లో ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్న. మర్చంట్ నేవీలో పనిచేసే వ్యక్తి తన సీడీసీ పుస్తకంలోని (నావికుడి సర్వీసు వివరాలు నమోదయ్యే పుస్తకం) సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలను, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలను, పాస్‌పోర్టులోని ముద్రలను చూపి ఆ నెలలన్నీ సముద్రం మీదే ఉన్నానని చెప్పగలిగితే అది గట్టి సాక్ష్యమే అయినా, ఓడ రేవులో ఆగినప్పుడు భార్య అక్కడికి వెళ్లిందా, మధ్యలో ఆయన సెలవు మీద వచ్చాడా అని అవతలి న్యాయవాది అడగక మానరు. భర్త గాజువాకలో, భార్య మధురవాడలోని పుట్టింట్లో ఉన్నారన్నంత మాత్రాన అవకాశం లేదని కోర్టు ఒప్పుకోదు. అప్పటికే విడాకుల కేసు నడుస్తోందన్న కారణం కూడా చాలదు.

ఊరికే అనుమానం తీర్చుకోవడానికి రక్తపరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. పిల్లల విషయంలో ఇలాంటి పరీక్షలను యథాలాపంగా అనుమతించరాదని 2023లో మరోసారి స్పష్టం చేసింది. అయితే కోర్టు ఆదేశంతో జరిగిన పరీక్షలో భర్త తండ్రి కాదని తేలిన ఒక కేసులో, 2014లో అదే సుప్రీంకోర్టు విజ్ఞాన శాస్త్రం తేల్చిన నిజానికే విలువనిచ్చి, బిడ్డకు భరణం చెల్లించే బాధ్యత నుంచి అతణ్ణి తప్పించింది. చాలామంది ఈ తీర్పునే పట్టుకుని వస్తారు కానీ, పరీక్షకు ఆదేశం దొరకడమే అసలు కష్టమన్న సంగతి గమనించరు.

అపోహ: బిడ్డ తల వెంట్రుకలు రహస్యంగా ప్రైవేటు ల్యాబుకు పంపి తెచ్చిన రిపోర్టు చాలు.

వాస్తవం: ఆ నమూనా ఎవరిదో, ఎవరి చేతులు మారిందో రుజువు చేయలేని కాగితం మీద కేసు నిలబెట్టడం చాలా కష్టం. పైగా ఆ కాగితం ఏదో ఒక రోజు బిడ్డ కంటపడుతుంది. నా దగ్గరికి వచ్చిన వారికి ఆ పని వద్దనే చెబుతాను.

అపోహ: అసలు తండ్రి వేరొకరని తల్లి చెబితే భరణం అతని నుంచే రాబట్టవచ్చు.

వాస్తవం: భర్తతో కలుసుకునే అవకాశం ఉన్నంత వరకు చట్టం దృష్టిలో భర్తే తండ్రి. 2025 జనవరి నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతినే ధ్రువీకరించింది.

అపోహ: వివాహం చెల్లదని తేలితే పిల్లల భరణమూ పోతుంది.

వాస్తవం: పోదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షనైనా, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షనైనా వివాహబంధం వెలుపల పుట్టిన బిడ్డకు కూడా ఆ హక్కునిచ్చాయి.

అపోహ: పరస్పర అంగీకార విడాకుల్లో భార్య ‘ఏమీ అడగను’ అని రాసిస్తే, లేదా బిడ్డను చూడనివ్వకపోతే చెల్లింపు ఆపవచ్చు.

వాస్తవం: బిడ్డ హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. చూసే హక్కు కావాలంటే దానికి వేరే పిటిషన్ వేసుకోవాలి. సొంతంగా డబ్బు ఆపితే బకాయి పెరుగుతుంది. ఆదాయం నిజంగా తగ్గినప్పుడు భరణం మొత్తాన్ని సవరించమని అదే సంహితలోని 146వ సెక్షన్ కింద కోర్టునే అడగవచ్చు.

ఇక బకాయిల విషయం. ఒక్కో నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధించవచ్చు, కానీ జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన ఆ డబ్బు మాఫీ కాదు. తల్లులు గమనించాల్సింది గడువు: భరణం చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాది లోపు వసూలు పిటిషన్ వేయాలి. ఖర్చుకు వెనకాడే వారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం అక్కడ ఉచితం.