మాతృ వందన డబ్బులు: అంగన్‌వాడీ గడపలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ బాలింత కూలికి పోలేని నెలల్లో పాలకు, గుడ్లకు, ఆసుపత్రికి పోయే ఆటో కిరాయికి అక్కరకొచ్చే డబ్బు అది. ప్రధానమంత్రి మాతృ వందన యోజనకు అర్హత ఉండి కూడా చాలామంది తల్లులు ఈ డబ్బు అందక తిరుగుతుంటారు. కారణం చూస్తే ఖాతా దగ్గరో, తేదీ దగ్గరో, విన్న మాట నమ్మడం దగ్గరో చిన్న తేడా జరిగి ఉంటుంది.

అపోహ: బ్యాంకులో ఆధార్ లింకు చేయించాం, కాబట్టి మేం రాయించిన ఖాతాలోనే పడుతుంది.

అందరికన్నా ఎక్కువ మందిని తిప్పేది ఇదే. ఆధార్ జిరాక్సు ఇచ్చి కేవైసీ (ఖాతాదారు గుర్తింపు నమోదు) చేయించుకోవడం వేరు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆధార్‌కు బ్యాంకును జోడించే మ్యాపింగ్, అంటే సీడింగ్, వేరు. ఈ డబ్బు ఆధార్ నంబరును బట్టి వెళ్తుంది. ఎన్‌పీసీఐ దగ్గర ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది. చివరగా ఏ బ్యాంకు సీడింగ్ చేసిందో, డబ్బు అక్కడికే పోతుంది. ఒకామెకు స్కాలర్‌షిప్ కోసం చదువుకునేటప్పుడు తీసిన ఖాతా ఒకటి, పెళ్లయ్యాక డ్వాక్రాలో చేరినప్పుడు తెరిచింది ఇంకొకటి, ఎక్కడో వేలిముద్ర వేస్తే తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతా మూడోది ఉన్నాయనుకోండి. డబ్బు మూడోదాంట్లో పడి ఉంటుంది. ఆమె మాత్రం నెలనెలా రెండోదాని పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని, పడలేదని అంగన్‌వాడీ టీచర్‌ను అడుగుతూ ఉంటుంది.

మై ఆధార్ వెబ్‌సైటులో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కండి. బ్యాంకు పేరు, అది యాక్టివ్‌లో ఉందో లేదో కనిపిస్తాయి. మీరు వాడని బ్యాంకు చూపిస్తున్నా, ఇనాక్టివ్ అని వస్తున్నా, మీకు కావలసిన బ్యాంకు బ్రాంచికి వెళ్లండి. అక్కడ ‘ఆధార్ లింకు చేయండి’ అంటే లింకై ఉందని చెప్పి పంపేస్తారు. ‘డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఎన్‌పీసీఐలో సీడింగ్ చేయండి’ అని అడిగి, ఆ అంగీకార పత్రం నింపి ఇవ్వండి. కొన్ని రోజులాగి స్టేటస్ మళ్లీ చూసుకోండి. ఖాతా తల్లి ఒక్కరి పేరు మీదే ఉండాలి. భర్త ఖాతా గానీ జాయింటు ఖాతా గానీ పనికిరావు.

అపోహ: బిడ్డ పుట్టాక అంతా ఒకేసారి వస్తుంది.

2022 ఏప్రిల్ 1 నుంచి మొదటి కాన్పు డబ్బు రెండు విడతలు. అంతకుముందు మూడు ఉండేవి కాబట్టి, పెద్ద కోడలికి ఎలా వచ్చిందో చిన్న కోడలికి అలా రాకపోవచ్చు. మొదటి 3,000 కడుపుతో ఉన్నప్పుడే రావాలి. అందుకు గర్భం నమోదై, చివరి నెలసరి తేదీ నుంచి ఆరు నెలల్లోపు కనీసం ఒక పరీక్ష జరిగి ఉండాలి. ఎంసీపీ కార్డులో (గర్భిణి పరీక్షలు, బిడ్డ టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు) చివరి నెలసరి తేదీ ఉండాల్సిన చోట కాన్పు కావాల్సిన తేదీ రాస్తే లెక్క మొత్తం తప్పుతుంది. కార్డు చేతికి ఇచ్చిన రోజే ఆ రెండు తేదీలూ చదివి చూసుకోండి.

మిగతా 2,000 కోసం బిడ్డ పుట్టుక నమోదు కావాలి, 14 వారాల దాకా ఇవ్వాల్సిన టీకాలన్నీ పడాలి. ఆసుపత్రిలో పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బీతో పని అయిపోదు. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ మూడు డోసులు ఉంటాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కదా, టీకాలు కొన్ని అక్కడ, కొన్ని అత్తింటి ఊళ్లో పడతాయి. కార్డు అత్తింటి బీరువాలో ఉండిపోతే పుట్టింటి ఊళ్లో ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) వేసిన డోసు అందులోకి ఎక్కదు. సారెతో పాటు ఆ కార్డు కూడా బయల్దేరాలి.

అపోహ: ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటే రాదు.

వస్తుంది. పోయేది ప్రైవేటులో చూపించుకున్నందుకు కాదు, ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకోనందుకు. నెల తప్పిందని తెలియగానే ఆశా కార్యకర్తకు చెప్పి ఎంసీపీ కార్డు తీసుకోండి, డాక్టరు ఎక్కడివారైనా సరే.

అపోహ: బారసాల అయ్యాకే జనన ధ్రువీకరణ పత్రం, అదీ మన ఊళ్లోనే.

పుట్టుక నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోటే. ఆసుపత్రి కాన్పైతే ఆ సమాచారం ఇవ్వాల్సింది ఆసుపత్రివాళ్లు. గడువు 21 రోజులు. దాటితే ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే పై అధికారుల అనుమతులు. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. కాబట్టి బారసాల కోసం ఆగక్కర్లేదు. అసలు చూడాల్సింది తల్లి పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆసుపత్రి రిజిస్టరులో అత్తింటి ఇంటిపేరు పడితే తర్వాత దిద్దించడానికి తిరగాలి. డిశ్చార్జికి ముందే ఆధార్ చూపించి, అక్షరం అక్షరం అలాగే రాయించండి.

అపోహ: బియ్యం కార్డు లేకపోతే, భర్త ఆధార్ ఇవ్వకపోతే రాదు.

బియ్యం కార్డు అర్హతల్లో ఒకటి మాత్రమే. ఎస్సీ, ఎస్టీ మహిళలు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు ఉన్నవారు, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్నవారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. భర్త ఆధార్ ఇప్పుడు తప్పనిసరి కాదు, ఒంటరి తల్లికీ హక్కుంది. రానిది ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల రెగ్యులర్ ఉద్యోగినులకు, చట్ట ప్రకారం ఇలాంటి ప్రసూతి ప్రయోజనమే అందుకుంటున్నవారికి.

అపోహ: రెండో బిడ్డకు ఏమీ లేదు.

ఆడపిల్ల అయితే 6,000, ఒకే విడతలో. కవలలు పుట్టి అందులో ఒక్క ఆడపిల్ల ఉన్నా వస్తుంది. అయితే గర్భంలో ఉన్నప్పుడే నమోదై ఉండటం ఇక్కడ తప్పనిసరి. ‘మగపిల్లాడైతే రాదు కదా, పుట్టాక చూద్దాం’ అని ఆగినవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు. దరఖాస్తు బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు చేయాలి.

అపోహ: బేటీ బచావో ఫారం నింపితే ఆడపిల్లకు 2 లక్షలు.

ఆ పథకంలో నగదు ఇవ్వడమే లేదు. అలాంటి ఫారాలు అమ్మేవాళ్లకు తల్లి ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వకండి. సుకన్య సమృద్ధి వేరు, అది మీరు దాచుకునే పొదుపు. ఏడాదికి కనీసం 250 రూపాయలు మీరే కట్టాలి.

అపోహ: గర్భం నిలవకపోతే మళ్లీ రాదు, తీసుకున్నది తిరిగి కట్టాలి.

ఇది భయంతో పుట్టిన మాట. గర్భస్రావమైనా, బిడ్డ చనిపోయి పుట్టినా, తర్వాతి గర్భంలో ఆమెను కొత్త లబ్ధిదారుగానే చూస్తారు. తీసుకున్న 3,000 తిరిగి కట్టక్కర్లేదు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ డబ్బు మాట ఎత్తరు, ఎత్తకూడదు కూడా. ఆమె కోలుకుని మళ్లీ నెల తప్పినప్పుడు, ‘ఒకసారి రాయించాం కదా’ అని మానేయకుండా కొత్తగా పేరు నమోదు చేయించండి.