భూమి యజమానిదే, ప్లాట్లు వేసే హక్కు మాత్రం కాదు: అమెరికా కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ల పూర్వాపరాలు

పొలం రైతు పేరు మీదే ఉంటుంది. దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ప్లాట్లు వేయడానికి మాత్రం వీల్లేదు. ఆ హక్కును ల్యాండ్ ట్రస్టుకో (భూముల్ని కాపాడే స్వచ్ఛంద సంస్థ) ప్రభుత్వ సంస్థకో ముందే రాసిచ్చేసి ఉంటాడు. భూమి ఎన్ని చేతులు మారినా ఆ షరతు వదలదు. అమెరికాలో దీన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు.

కోర్టు తీర్పుల మీద నడిచే పాత కామన్ లాకు ఈ ఏర్పాటు కొరుకుడుపడలేదు. ఈజ్‌మెంట్ అంటే పక్క పొలానికి దారి వదలడం లాంటిది; దానివల్ల లాభపడే భూమి ఒకటి ఆనుకుని ఉండాలి. చుట్టుపక్కల గజం నేల కూడా లేని ట్రస్టు ‘ఇక్కడ కట్టొద్దు’ అంటే కోర్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. 1930లలో నేషనల్ పార్క్ సర్వీస్ బ్లూ రిడ్జ్, నాచెజ్ ట్రేస్ పార్క్‌వేల వెంబడి దృశ్యం చెడకుండా ఉండేందుకు సీనిక్ ఈజ్‌మెంట్లు కొంది. ఆ భూములను తర్వాత కొన్నవాళ్లతోనే తగువులొచ్చాయి. 1959లో రచయిత విలియం హెచ్. వైట్ ఈ ఆలోచనకు గట్టిగా ప్రచారం తెచ్చాడు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలు చేశాయి. రాష్ట్రాల కోసం రాసిన 1981 నాటి నమూనా చట్టం పక్క భూమి ఉండాలన్న మెలికను తీసేసింది.

ఆ నమూనా చట్టం ప్రకారం గడువు పెట్టి కూడా ఈజ్‌మెంట్ రాసుకోవచ్చు. మరి దాదాపు ప్రతి దస్తావేజులో ‘శాశ్వతంగా’ అనే ఎందుకుంటుంది? అది పన్ను చట్టం పెట్టిన షరతు: ఈజ్‌మెంటును దానంగా ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. 1976లో 30 ఏళ్ల ఈజ్‌మెంటుకు కూడా మినహాయింపు ఇచ్చారు, మరుసటి ఏడాదే శాశ్వతమైతేనే అన్నారు. 1980లో ఈ మినహాయింపు నియమాలుండే పన్ను చట్టం సెక్షన్ 170(హెచ్) స్థిరపడింది. 2006లో ఆదాయంలో 50 శాతం దాకా మినహాయింపు, మిగిలింది 15 ఏళ్లు వాడుకునే వీలు వచ్చాయి. అర్హులైన రైతులకైతే 100 శాతం. 2015లో ఇవి స్థిరమయ్యాయి.

లెక్క పైకి తేలికే. ఈజ్‌మెంటుకు ముందు భూమి విలువ 10 లక్షల డాలర్లు, తర్వాత 6 లక్షలు అనుకుంటే దానం విలువ 4 లక్షలు. చిక్కంతా ఆ ‘ముందు’ విలువలోనే. అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడు) మదింపు దానానికి 60 రోజుల ముందుకన్నా పాతదై ఉండకూడదు. భూమి తాకట్టులో ఉంటే, బ్యాంకు తన హక్కు ఈజ్‌మెంటు కిందకే వస్తుందని దానం నాటికే రాసివ్వాలి. ఆ తర్వాత తెచ్చిన సంతకంతో మినహాయింపు నిలబడదని 2015లో ఒక అప్పీలు కోర్టు తేల్చింది. పన్ను శాఖకిచ్చే ఫారం 8283 మీద అప్రైజరూ, దానం పుచ్చుకున్న సంస్థా సంతకం చేయాలి. ఇంత చేసినా దస్తావేజులో ఒక్క వాక్యం తేడా పడి ఓడిన కేసులున్నాయి.

ఆ ‘ముందు’ విలువ మీదే సిండికేట్ల (పెట్టుబడిదార్లను కూడగట్టే బృందాల) వ్యాపారం నడిచింది. చవగ్గా భూమి కొని, అక్కడ రిసార్ట్ వచ్చేదని మదింపు చేయించి, వాటాదార్లకు పెట్టుబడికి ఎన్నో రెట్ల మినహాయింపు పంచారు. 2016 చివర్లో అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ పెట్టుబడికి 2.5 రెట్లు, ఆపైన ఆశచూపే పథకాలను ప్రత్యేక నిఘాలో పెట్టింది. 2022 చివర్లో కాంగ్రెస్ ఆ 2.5 రెట్ల గీతనే చట్టం చేసింది. మూడేళ్లు ఉంచుకున్న భూమికి, కుటుంబ భాగస్వామ్యాలకు ఆ గీత వర్తించదు.

ట్రస్టు పని రిజిస్ట్రేషన్‌తో తీరదు. మొదటి రోజే ఫొటోలు, మ్యాపులతో బేస్‌లైన్ రిపోర్టు తయారవుతుంది. ఏటా వెళ్లి దానితో పోల్చి చూస్తారు: కొత్త షెడ్డు, నరికిన చెట్లు, జరిపిన కంచె. షరతు దాటేది ఎక్కువగా రాసిచ్చినవాళ్లు కాదు, తర్వాత వచ్చిన యజమానులే, 1930లలో లాగే. అందుకే చాలా ట్రస్టులు దాతల నుంచి ఈజ్‌మెంటుతోపాటు కాపలా నిధీ అడుగుతాయి. దావా ఖర్చుల కోసం 2013 నుంచి టెర్రాఫర్మా అనే ఉమ్మడి బీమా కూడా ఉంది.