విటుడిపై కేసు: 2006లో చేజారిన బేరం

‘వ్యభిచార గృహంపై దాడి, ఇద్దరు నిర్వాహకులు, ముగ్గురు విటుల అరెస్టు’. ఇలాంటి వార్త చదవని వారం ఉండదు. ఎఫ్ఐఆర్‌లో ఏ1, ఏ2 నిర్వాహకులు, ఆ తర్వాతి పేర్లు విటులవి. కొన్నాళ్లకు ఆ విటుడు హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తాడు. చాలాసార్లు పేరు కొట్టేయించుకుని బయటపడతాడు.

ఇప్పుడు ఈ గొడవ మళ్లీ లేవడానికి కారణం 2025 జూలైలో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు. డబ్బిచ్చి వచ్చినవాణ్ని ఉత్త ‘కస్టమర్’ అనలేమని, సెక్స్ వర్కర్ సరుకు కాదని ఆ కోర్టు చెప్పింది. అతనిపై పీటా (వ్యభిచారం కోసం జరిగే అక్రమ రవాణాను అడ్డుకునే) చట్టంలోని 3, 4 సెక్షన్లను, అంటే వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదనపై బతకడం అన్న నేరాలను కొట్టేసినా, 5(1)(డి) (వ్యభిచారానికి పురిగొల్పడం), 7 (బహిరంగ స్థలాల దగ్గర వ్యభిచారం) సెక్షన్ల కింద విచారణ సాగనిచ్చింది. మన ఉమ్మడి హైకోర్టు 2014లో చెప్పింది వేరు: 3 నుంచి 7 దాకా ఏ సెక్షన్‌లోనూ విటుడికి శిక్ష లేదు.

పీటా చట్టం 1956 నాటిది, ఆ పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ అక్కర్లేదు. ముడి పడింది 2006లో.

ఆ ఏడాది మే 22న లోక్‌సభకు సవరణ బిల్లు వచ్చింది. అప్పుడు మహిళా, శిశు అభివృద్ధి శాఖ మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి చేతిలో ఉంది. బిల్లులో 5సి అని కొత్త సెక్షన్ పెట్టారు. అక్రమ రవాణా బాధితురాలిని వాడుకోవడానికి వ్యభిచార గృహానికి వెళ్లినవాడికి మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 6 నెలల దాకా జైలు, దాంతోపాటు 50,000 దాకా జరిమానా. దానికి బదులుగా అన్నట్టు 8వ సెక్షన్‌ను పూర్తిగా తీసేస్తామన్నారు.

ఆ 8వ సెక్షన్ ఒకసారి చదివి చూడాలి. కిటికీ దగ్గరో బాల్కనీలోనో కూర్చుని సైగ చేసి పిలవడం కూడా అందులో నేరమే. ఆడమనిషికి మొదటిసారే 6 నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే నేరం మగవాడు చేస్తే కనీసం 7 రోజులు, ఎంత ఎక్కువైనా 3 నెలలు.

బిల్లు పెట్టినవాళ్ల లెక్క సూటిగానే ఉంది. కొనేవాడున్నాడు కాబట్టే ఏజెంటు పల్లె నుంచి పిల్లను తెస్తున్నాడు. ఒక బ్రోకర్‌ను లోపలేస్తే ఇంకొకడు పుట్టుకొస్తాడు. డబ్బు ఇచ్చే చెయ్యి ఆగితే తప్ప ఈ గొలుసు తెగదు. కొనేవాణ్నే నేరస్తుణ్ని చేసిన చట్టం స్వీడన్‌లో 1999 నుంచే ఉంది. మనుషుల రవాణాపై ఐక్యరాజ్య సమితి ప్రొటోకాల్ కూడా గిరాకీ తగ్గించమనే అంటుంది, దానిమీద మన దేశం 2002లోనే సంతకం చేసింది.

కోల్‌కతా సోనాగాచీలోని దుర్బార్ వంటి సెక్స్ వర్కర్ల సంఘాలు ఎదురు తిరిగాయి. విటులు భయపడితే పని చాటుకు పోతుందని, కండోమ్ అడిగే ధైర్యం కూడా పోతుందని వాటి వాదన. ఎయిడ్స్ నియంత్రణ చూసే ఆరోగ్య శాఖకూ ఇదే బెంగ. బిల్లు నానుతూ నానుతూ 2009లో ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది. మగవాడి శిక్షతోపాటు ఆడవాళ్లకు రావాల్సిన ఊరటా పోయింది. దీని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ ఖాళీని 2013లో సగమే పూడ్చారు. ఐపీసీలో చేరిన 370ఎ ప్రకారం, రవాణా చేసి తెచ్చిన మనిషని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ లైంగికంగా దోచుకుంటేనే నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 144వ సెక్షన్. ‘నాకేం తెలుసు సార్’ అంటాడు విటుడు. తెలుసని పోలీసులు ఎలా నిరూపిస్తారు?

ఇష్టపూర్వకంగా ఈ పనిలో ఉన్న మేజర్ మహిళలను దాడుల్లో అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు వేసిన కమిటీ సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం, సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలని పోలీసులకు చెప్పింది కానీ, కేంద్రం అభ్యంతరం చెప్పిన ఈ సిఫారసును అమలు చేయమనలేదు. 8వ సెక్షన్ కూడా చట్టంలో అలాగే ఉంది.

కేరళ తీర్పు వాడుకున్న 5వ సెక్షన్ నిజానికి ఆడవాళ్లను ఈ వృత్తిలోకి దింపే బ్రోకర్ల కోసం రాసింది. దాని కింద శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. ఆనాటి బిల్లు పాసై ఉంటే 5సి కింద విటుడికి మొదటిసారి 3 నెలలకు మించి జైలు పడేది కాదు.