అభిషిక్తుణ్ణి అడగకూడదా? సంఘాల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో సంఘ కాపరిగా పని చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: సేవకుణ్ణి, అంటే పాస్టరును, నమ్మితే దేవుణ్ణి నమ్మినట్టేనని అనుకోవడం.

అపోహ: అభిషిక్తుణ్ణి, అంటే దేవుడు ఏర్పరచుకున్న సేవకుణ్ణి, ముట్టకూడదు, ప్రశ్నించకూడదు.

వాస్తవం: కానుకల లెక్క అడగ్గానే ఎవరో ఒకరు, నా అభిషిక్తులను ముట్టవద్దు అనే 105వ కీర్తన మాట తీస్తారు. దానికి పైనున్న వచనాలు మాత్రం చదవరు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు సొంత భూమి లేక దేశాలు పట్టి తిరుగుతున్నప్పుడు, వాళ్ల జోలికి వెళ్లవద్దని దేవుడు రాజులకు చేసిన హెచ్చరిక అది. అధికారం ఉన్నవాడికి చెప్పిన మాటతో, కొంగు ముడి విప్పి కానుక వేసే కూలితల్లి నోరు మూయిస్తున్నారు. తనను తరుముతున్న రాజు సౌలును, అభిషిక్తుడని దావీదు చంపలేదు, నిజమే. ఊరుకున్నాడా? కోసిన అంగీ చెంగు చేత్తో పట్టుకుని గుహ బయటకు వచ్చి, నన్ను అన్యాయంగా తరుముతున్నావని మొహం మీదే చెప్పాడు. ఆ దావీదే రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త వచ్చి నిలదీశాడు. అంతియొకయలో పౌలు అందరి ముందూ యేసు ముఖ్య శిష్యుడైన పేతురునే తప్పుపట్టాడు. పేతురుకు లేని మినహాయింపు మాకెక్కడిది? నన్నూ కలుపుకునే అంటున్నాను.

అపోహ: లెక్క అడిగేవాడికి విశ్వాసం తక్కువ.

వాస్తవం: యెరూషలేము పేదల కోసం పోగైన చందా విషయంలో తనను ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఏర్పరచిన సోదరుణ్ణి పౌలు తోడు పెట్టుకున్నాడు. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది, చదవండి. ముసలి ప్రవక్త సమూయేలైతే, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా అని జనాన్ని తానే అడిగాడు. మా దగ్గర ఆరాధన కాగానే చాప మీద పెట్టె బోర్లించి ఇద్దరు పెద్దలు, ఒక సోదరి లెక్కపెడతారు. కోత పండుగకు వచ్చిన ధాన్యం, అరటి గెలలు, కొబ్బరికాయలు, కోళ్లు వేలం వేసిన డబ్బూ అదే పుస్తకంలో ఎక్కుతుంది. పెట్టె తాళం నా దగ్గర ఉండదు.

అపోహ: దేవుణ్ణి నమ్మినవాడికి మనుషుల మాటతో పని లేదు.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకున్నప్పుడు, అందులో ఎవరూ చనిపోరని ఆయనకు దేవుడే మాట ఇచ్చాడు. అయినా నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉంటేనే మీరు బతుకుతారని సైనికులతో అన్నాడు. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరగడం చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. షెల్టరుకు వెళ్లమని అధికారులు చెబితే వెళ్లండి. ప్రార్థన అక్కడా చేసుకోవచ్చు.

అపోహ: పాస్టరుగారు పోతే సంఘం పోతుంది.

వాస్తవం: బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చి నరసాపురంలో పని మొదలుపెట్టారు. వాళ్లు పోయి వందేళ్లు దాటింది, సంఘాలు నడుస్తూనే ఉన్నాయి. పోయేది స్థలం. చందాలతో కొన్న స్థలం పాస్టరు సొంత పేరున రిజిస్టరైతే, ఆయన తర్వాత వారసులు తమదంటారు. సంఘాన్ని సొసైటీగా నమోదు చేయించి దస్తావేజు దాని పేరున రాయించండి. ఇప్పటికే ఆయన పేరున ఉంటే, ఆయన ఉండగానే మార్పించమని అడగండి.