గోటికి లొంగే బిళ్ల

గుండెలో కృత్రిమ వాల్వు అమర్చుకున్న మనిషి పక్కన, కరెంటు పోయి ఫ్యాను ఆగిన రాత్రి కాసేపు కూర్చుంటే ఒక చప్పుడు వినిపిస్తుంది. చేతి గడియారాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టినట్టు, టిక్కు టిక్కుమని. అది వాల్వు, అంటే రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపు, మూసుకునే చప్పుడు. నిమిషానికి 70 సార్లు అనుకున్నా రోజుకు లక్ష సార్లు, ఏడాదికి 3 కోట్ల 68 లక్షల సార్లు. మన వీధి తలుపును రోజుకు 50 సార్లు తెరిచి మూస్తామనుకుందాం. వాల్వు ఒక్క రోజులో చేసే పని చేయడానికి ఆ తలుపుకు ఐదున్నర ఏళ్లు పడుతుంది. ఈలోగా తలుపు బందులకు నూనె వేస్తాం, మర బిగిస్తాం. వాల్వుకు ఆ అవకాశం లేదు. ఒకసారి కుట్టి ఛాతీ మూసేశాక, ఏళ్ల తరబడి దాని మంచిచెడ్డలు దానివే.

ఇలాంటి తలుపును దేనితో చేయాలి? గట్టి వస్తువుతో అని ఎవరమైనా ఠక్కున చెబుతాం. తిరువనంతపురంలో కొందరు వైద్యులు, ఇంజినీర్లు కూడా దాదాపు అక్కడి నుంచే బయలుదేరారు. ఆ జవాబు తప్పని తేలడానికి వాళ్లకు పదేళ్లకు పైగా పట్టింది. మన దేశంలో తయారైన వస్తువుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అది.

1970ల్లో మన ఆసుపత్రుల్లో వాల్వులు చెడిపోయి వచ్చేవారిలో ఎక్కువమంది పిల్లలు, యువతీ యువకులు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం దీనికి మూలం. అది కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను మాత్రం కరుస్తుందని వైద్యుల్లో ఒక పాత మాట ఉంది. కరిచిన చోట వాల్వు రేకులు దళసరెక్కి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని మార్చాలంటే విదేశాల నుంచి వాల్వు తెప్పించాలి. దాని ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థకు నాయకత్వం వహించిన గుండె శస్త్రవైద్యుడు ఎం.ఎస్. వలియత్తాన్, ఆ వాల్వును ఇక్కడే తయారు చేయాలని పట్టుబట్టాడు. ఆసుపత్రికి అనుబంధంగా పూజప్పురలోని సాటెల్మండ్ ప్యాలెస్‌లో పరిశోధన విభాగం వెలిసింది. ఒకప్పటి రాజభవనం ప్రయోగశాలగా మారింది. వాల్వు రూపకల్పన భారాన్ని ఇంజినీరు జి.ఎస్. భువనేశ్వర్, ఆయన సహచరులు తలకెత్తుకున్నారు.

వాళ్లు ఎంచుకున్న నమూనా చూడడానికి చాలా సాదా. రూపాయి నాణెం కన్నా కాస్త పెద్దదైన గుండ్రటి బిళ్ల. దాని చుట్టూ లోహపు చట్రం. చట్రం నుంచి లోపలికి వంగిన రెండు ఊచలు బిళ్ల జారిపోకుండా పట్టుకుంటాయి. రక్తం తోసినప్పుడు బిళ్ల ఒరిగి దారి ఇస్తుంది, వెనక్కి తన్నినప్పుడు వాలి మూసుకుంటుంది. చట్రం వెలుపల గుడ్డతో చేసిన వలయం ఉంటుంది. శస్త్రవైద్యుడి సూది దిగేది అందులోకే.

మొదటి నమూనాలో చట్రం టైటానియం, ఊచలను దానికి వెల్డింగ్ చేశారు. పరీక్ష యంత్రంలో అతుకు దగ్గర విరిగింది. ఇది చిన్న విషయం కాదు. అదే కాలంలో పాశ్చాత్య దేశాల్లో బ్యోర్క్-షైలీ వాల్వులోని ఒక రకాన్ని దాదాపు 86 వేల మందికి అమర్చారు. వాటిలో కొన్నిటికి ఊచ సరిగ్గా వెల్డింగ్ దగ్గరే విరిగి, బిళ్ల ఊడిపోయి, వందల మంది ప్రాణాలు పోయాయి. 1986లో దాన్ని అమ్మకం నుంచి తప్పించారు. తిరువనంతపురం బృందానికి ఆ పాఠం మనుషుల గుండెల్లో కాక యంత్రం మీదే దక్కింది. ప్రయోగశాలలో విరగడం ఎంత పెద్ద అదృష్టమో ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

రెండో నమూనాలో అతుకే లేకుండా చేశారు. చట్రాన్నీ ఊచలనూ ఒకే టైటానియం దిమ్మె నుంచి చెక్కారు. ఇక బిళ్ల. అమెరికాలో బిళ్లలకు ప్రత్యేకమైన కార్బన్ పూత వాడుతున్నారు. అణు ఇంధనపు గుళికలకు పూత వేసే పని నుంచి పుట్టిన పరిజ్ఞానం అది, మన చేతికి అందలేదు. దానికి బదులు వీళ్లు నీలాన్ని పట్టుకున్నారు. నవరత్నాల్లోని నీలమే, కాకపోతే కృత్రిమంగా పెంచిన ఏక స్ఫటికం. గట్టిదనంలో వజ్రానికి కింది మెట్టు. రక్తంలో ఎన్నేళ్లున్నా చెక్కుచెదరదు. నిజంగానే చెదరలేదు. కానీ అది తగిలిన ప్రతిసారీ టైటానియం ఊచ ఇంత అరిగింది. బిళ్ల భద్రం, దాన్ని పట్టుకున్న చెయ్యి అరిగిపోయింది.

సరే, ఊచలను కూడా గట్టిపరుద్దామని మూడో నమూనా చేశారు. కోబాల్ట్, క్రోమియం, టంగ్‌స్టన్, నికెల్ కలిసిన హేన్స్-25 అనే మిశ్రలోహం తెచ్చారు. ఈ లోహం మనకు అంత పరాయిదేమీ కాదు. ఎల్-605 అనే మరో పేరుతో ఇవాళ గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లలో చాలా వాటిని దీనితోనే చేస్తున్నారు. ఊచలు అరగడం ఆగింది. యంత్రం మీద బాగానే ఉంది. గొర్రెలకు అమర్చారు. ఒక గొర్రెలో నీలం బిళ్ల పగిలింది. గొర్రె చనిపోయింది.

గట్టి వస్తువు గుణమే అది. అరగదు, వంగదు, ఒక రోజు హఠాత్తుగా పగులుతుంది. ఎక్కడో కంటికి కనిపించని గీత ఒకటి ఉంటే చాలు, లక్షల దెబ్బల తర్వాత దాని వెంట చీలిపోతుంది. మట్టికుండకూ ఇత్తడి బిందెకూ ఉన్న తేడా లాంటిదే. బిందెకు సొట్ట పడుతుంది, నీళ్లు మాత్రం నిలుస్తాయి. గుండె లోపలి తలుపుకు సొట్టను ఓర్చుకునే గుణం కావాలి. మూడు వైఫల్యాల తర్వాత ఆ బృందం గట్టిదనాన్ని వెతకడం మానేసి, ఓర్పును వెతికింది.

నాలుగో నమూనాలో చట్రం అదే హేన్స్-25. బిళ్ల మాత్రం ప్లాస్టిక్. అత్యధిక అణుభారం గల పాలిథిలిన్. కూరగాయల సంచికి వాడే పాలిథిన్‌కు ఇది సొంత అన్న. రెండిటి రసాయనమూ ఒకటే, తేడా అణువుల పొడవులో ఉంది. పొట్టి నూలు ముక్కలను ఉండగా నలిపితే లాగగానే విడిపోతాయి. బారెడు దారాలు చిక్కుపడితే ఎంత లాగినా ఊడవు. ఈ పాలిథిలిన్ అణువులు ఆ బారెడు దారాలు. అందుకే దెబ్బను మింగుతుంది, పగలదు. బరువులో రక్తం కన్నా కాస్త తేలిక కాబట్టి చిన్న తోపుకే ఒరుగుతుంది. లోహానికి తగిలినా గట్టిగా మోగదు, చప్పుడు తక్కువ.

మెత్తటిది అరగదా? అరుగుతుంది. అందుకే ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. బిళ్లను ఊచలకు బిగించలేదు. తెరుచుకుని మూసుకునే క్రమంలో అది తన చుట్టూ తాను కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటుంది. ఊచ నిన్న తగిలిన చోట ఇవాళ తగలదు. అరుగుదలను అంచంతా పంచుకుంటుంది. పైగా దాని మీద పడే భారం మనం భయపడేంత కాదు. మూసుకున్న క్షణంలో రక్తపోటు 120 అనుకుని, బిళ్ల అడ్డుకొలత రెండున్నర సెంటీమీటర్లు అనుకుని లెక్క వేస్తే సుమారు 800 గ్రాములు వస్తుంది. కిలోకు తక్కువ.

1990 డిసెంబరు 6న ఈ చిత్ర వాల్వును తొలిసారి మనిషికి అమర్చారు. తర్వాత టీటీకే సంస్థ తయారీ చేపట్టింది. ఇప్పటివరకు లక్ష మందికి పైగా దీన్ని గుండెలో పెట్టుకున్నారు.

ఆ ప్లాస్టిక్ మాత్రం గుండె కోసం పుట్టింది కాదు. దాని వెనక ఒక బొటనవేలి గోరు ఉంది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల వైద్యుడు 1950ల చివర తుంటి కీలు గిన్నెను టెఫ్లాన్‌తో చేశాడు. జారుడుగా ఉంటుంది కదా అని. దాదాపు 300 మందికి అమర్చాక అది వేగంగా అరిగి, ఆ పొడి చుట్టుపక్కల కండను పాడు చేసింది. చాలా వాటిని మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే మరమగ్గాల పళ్లచక్రాలకు వాడే కొత్త ప్లాస్టిక్ ముక్కను ఒక అమ్మకందారు తెచ్చి చూపించాడు. చార్న్‌లీ గోటితో గీశాడు, గీత పడింది. ఇదేం నిలుస్తుందని పక్కన పడేశాడు. ఆయన దగ్గర పనిచేసే సాంకేతికుడు హ్యారీ క్రావెన్ మాత్రం, యజమాని ఊళ్లో లేని సమయంలో ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. యంత్రం వారాల తరబడి తిరిగింది, ముక్క దాదాపు అరగలేదు. 1962 నుంచి ప్రపంచంలో లక్షల తుంటి కీళ్లు నడిచింది ఆ మగ్గపు ప్లాస్టిక్ మీదే.

ఇదే పదార్థం వెన్నులోకీ చేరింది. తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో 1984లో తొలిసారి ఒక కృత్రిమ వెన్నుపూస డిస్కును అమర్చారు. రెండు లోహపు పలకలు, మధ్యలో జారే పాలిథిలిన్ గుండు. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు కారిన్ బ్యూట్నర్-యాంట్స్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఆమే. నడుము ఎన్ని వైపులకు వంగాలో తన ఒంటితో తెలుసుకున్న మనిషి వెన్నుకు కీలు చేయబూనడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. అక్కడ మొదటి నమూనాను ఓడించింది ప్లాస్టిక్ కాదు, పలకలు. చిన్నవిగా ఉండడంతో అవి ఎముకలోకి దిగబడ్డాయి. బురదలో సన్న మడమ చెప్పు దిగబడినట్టు.  అందుకే తర్వాతి నమూనాల్లో పలకలను వెడల్పు చేసి, భారాన్ని పంచారు.

చిత్ర వాల్వులో నేను ఇంకా చెప్పని భాగం ఒకటి మిగిలింది, చుట్టూ ఉన్న గుడ్డ వలయం. అది పాలియెస్టరు. మన చొక్కాల్లో ఉండేదే. శరీరం ఆ నేత సందుల్లోకి తన కణజాలాన్ని అల్లుకుంటుంది. కొన్ని నెలలకు వలయం ఎక్కడ ఆగిందో, గుండె ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. వాల్వులోని లోహపు చట్రంతోనూ ప్లాస్టిక్ బిళ్లతోనూ శరీరానికి ఈ చుట్టరికం కుదరదు. వాటిని ఎప్పటికీ పరాయివిగానే చూస్తుంది, వాటి మీద రక్తం గడ్డకట్టబోతుంది. అందుకే యాంత్రిక వాల్వు ఉన్నవాళ్లు జీవితాంతం రక్తాన్ని పలుచగా ఉంచే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. పాలకూర, తోటకూర ఒక వారం మానేసి మరో వారం కుప్పగా తినకూడదని వైద్యులు చెప్పేది కూడా ఇందుకే. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. తినవచ్చు, కానీ రోజూ ఒకే తీరుగా. ఈ మాత్రను సొంతంగా ఆపేయడం వల్ల వాల్వు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

గుడ్డను శరీరంలో కుట్టవచ్చునన్న ధైర్యం కూడా ఒక బట్టల దుకాణం నుంచే వచ్చింది. 1950ల్లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే శస్త్రవైద్యుడు ఉబ్బి చిరగబోయే బృహద్ధమనికి (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి) బదులు గొట్టం కావాలని నైలాన్ కొనడానికి దుకాణానికి వెళ్లాడు. నైలాన్ అయిపోయింది, కొత్త గుడ్డ డాక్రాన్ ఉంది అన్నారు. అదీ పాలియెస్టరే. ఒక గజం కొన్నాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నవాడు కాబట్టి, ఇంట్లో భార్య కుట్టు మిషను మీద తానే గొట్టంగా కుట్టాడు. తర్వాత నేత నిపుణుల సాయంతో అతుకు లేని గొట్టాలు వచ్చాయి. వంచినప్పుడు నొక్కుకుపోకుండా వాటికి ముడతలు పెట్టారు. అల్లిక సందుల్లోంచి రక్తం కారకుండా, కుట్టే ముందు రోగి రక్తంలోనే నానబెట్టి సందులు పూడ్చుకునేవారు. పెద్ద నాళాల్లో ఈ గుడ్డ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 6 మిల్లీమీటర్ల కన్నా సన్నని నాళాల్లో మాత్రం మూసుకుపోతుంది. గుండె బైపాస్‌కు ఇప్పటికీ రోగి సొంత రక్తనాళాన్నే, తరచుగా కాలి సిరను, తీసి వేయడానికి కారణం అదే.

2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో డిబేకీ బృహద్ధమనే చీలింది. 2006 ఫిబ్రవరిలో ఆయన శిష్యులు హ్యూస్టన్‌లోనే శస్త్రచికిత్స చేసి, చీలిన భాగం తీసేసి, ఆ స్థానంలో డాక్రాన్ గొట్టం కుట్టారు. ఆయన మరో రెండేళ్లకు పైగా బతికాడు, దాదాపు వందేళ్ల వయసు దాకా.